మన పాఠశాల: మారిన బాధ్యతలు, ఫలితాల లెక్కలు

(సొసైటీ వార్షిక సమావేశంలో పాఠశాల ప్రిన్సిపాల్ చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ సమావేశంలో పాఠశాల నివేదిక చదవడం ఆనవాయితీ. ఎంతమంది చేరారు, ఎంత ఫీజు వసూలయింది, ఎన్ని బెంచీలు కొన్నాము అనే వివరాలు అచ్చులో మీ చేతికి వచ్చాయి గనుక వాటిని మళ్లీ చదివి మీ కాలాన్ని వృథా చేయను. గత కొన్ని నెలలుగా బజారులోను, షాదీఖానాలోను, మన గేటు ముందూ మీరు అడుగుతున్న రెండు ప్రశ్నలకే సమాధానం చెప్పుకుంటాను. ఒకటి, పెద్ద మేడమ్ వెళ్లిపోయారు, కరస్పాండెంటుగారు మారారు, ఇక బడి ఎట్లా నడుస్తుంది అని. రెండు, ఎన్నాళ్లనుంచో వస్తున్న నూటికి నూరు ఫలితం ఈసారి ఎందుకు రాలేదు అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. పిల్లలను మన చేతిలో పెట్టినవారికి అడిగే హక్కు ఉంది.

ముందు మొదటిది. మీరంతా పెద్ద మేడమ్ అని పిలుచుకునే మా పూర్వపు ప్రిన్సిపాల్‌గారు పదవీ విరమణ వయసు వచ్చి విశ్రాంతి తీసుకున్నారు. తగాదా ఏదీ లేదు, ఎవరూ పంపించలేదు. ఇప్పటికీ గురువారం గురువారం వచ్చి పదో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పి వెళ్తున్నారు. కరస్పాండెంటుగారు ఆరోగ్య కారణాలవల్ల బాధ్యతనుంచి తప్పుకున్నారు. వారి స్థానంలో కార్యవర్గం కొత్తవారిని ఎన్నుకున్నది. నేను ఈ కుర్చీలోకి వచ్చి ఏడాది దాటింది. వైస్ ప్రిన్సిపాల్ అనే పదవి ఇంతకుముందు మనకు లేదు. ఆడపిల్లల సంఖ్య పెరిగినందువల్ల ఒక మహిళా టీచరును ఆ బాధ్యతలో నియమించాము.

ఇందులో మీకు తెలియవలసింది ఎవరి పని ఏమిటన్నది. ఫీజు, కట్టడాలు, నియామకాలు, జీతాలు కరస్పాండెంటుగారివి, కమిటీవారివి. పాఠాలు, పరీక్షలు, క్రమశిక్షణ, టి.సి.లు, హాల్ టికెట్లు నావి. ఆడపిల్లల విషయంలో ఏ మాటైనా తల్లులు నేరుగా వైస్ ప్రిన్సిపాల్ మేడమ్‌తో చెప్పుకోవచ్చు. ఫీజు రాయితీ కోసం నా దగ్గరికి, మార్కుల కోసం కమిటీ మెంబరు ఇంటికి వెళ్లవద్దని మనవి. ఫలానా చాచాగారు చెబితే పాసవుతాడు అనే నమ్మకం ఒకసారి ఊళ్లో పుట్టిందంటే ఆ బడిని ఎవరూ బాగుచేయలేరు.

పెద్దలు ఒక మాట అంటుంటారు: మన బడి, మన ఇష్టం, ఎవరిని పెట్టుకుంటే ఎవరికేం అని. ఈ మాటలో సగం నిజమే. రాజ్యాంగంలోని 30వ అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలను స్థాపించుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ప్రిన్సిపాల్‌ను ఎంచుకోవడం ఆ నిర్వహణ హక్కులో ముఖ్యమైన భాగమని 2006లో మలంకర సిరియన్ కాథలిక్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే ఎంచుకున్న మనిషికి నిర్ణయించిన అర్హతలు ఉండి తీరాలి. అంతకు చాలా ముందు, 1958లోనే, కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో అదే న్యాయస్థానం, నిర్వహించుకునే హక్కు అంటే చెడుగా నిర్వహించుకునే హక్కు కాదని తేల్చింది. మన మాటలో మిగిలిన సగానికి జవాబు అక్కడ ఉంది.

విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాకుల బడులకు వర్తించదని 2014లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందు ఉంచారు. అది ఎట్లా తేలినా మనం కోర్టు వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు. ఆ చట్టం ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒక టీచరు, పై తరగతుల్లో ముప్పై అయిదు మందికి ఒక టీచరు ఉండాలంటున్నది. అది మనకు వర్తించినా వర్తించకపోయినా ఆ పిల్లలు మన పిల్లలే గదా! అరవై మందిని ఒక గదిలో కుక్కి, మాకు మినహాయింపు ఉందండీ అంటే నష్టపోయేది ఎవరు? నియామకాల్లో ఎవరి మేనల్లుడు, ఎవరి కోడలు అనే ప్రశ్న రాకూడదని, అర్హత పత్రం, బోధనా పరీక్ష రెండూ చూడాలని కొత్త కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంది. దాన్ని నిలబెట్టే బాధ్యత మీ అందరిదీ.

ఇక రెండో ప్రశ్న. 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాసిన మన పిల్లల్లో ముగ్గురు తప్పారు. ముగ్గురూ లెక్కల్లోనే. నూటికి నూరు అనే బోర్డు గేటు మీదనుంచి దించవలసి వచ్చింది. కొత్త ప్రిన్సిపాల్ రాగానే బడి పడిపోయింది అన్న మాట నా చెవిన పడింది. ఇద్దరు ముగ్గురు తండ్రులు టి.సి. కోసం కూడా వచ్చారు. అందుచేత ఈ శాతాల లెక్క ఎట్లా తయారవుతుందో ఈ రోజు సభాముఖంగా విప్పి చెప్పాలి.

మొదటి సంగతి, ఒక బడి శాతాన్ని ఒంటరిగా చూడకూడదు. ఆంధ్రప్రదేశ్ మొత్తంమీద పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో అంత పైకి పోయి, మరుసటి ఏడు కొంత కిందికి వచ్చింది. మన పిల్లల తెలివి ఏటేటా ఇంతింత పెరగదు, తరగదు. 2020, 2021లలో కోవిడ్ మూలంగా పరీక్షలే జరగలేదు. బడికి సరిగా రాని పిల్లలు 2022లో పరీక్ష రాశారు. ప్రశ్నపత్రం మారుతుంది, పేపర్ల సంఖ్య మారుతుంది, దిద్దే పద్ధతి మారుతుంది. పక్కనే ఉన్న తెలంగాణలో 2025లో 92.78 శాతం వచ్చింది. అంతమాత్రాన అక్కడి పిల్లలు మనకంటె పదకొండు పాళ్లు ఎక్కువ చదువుకున్నట్లు కాదు. పరీక్ష వేరు, మార్కుల ఏర్పాటు వేరు.

రెండో సంగతి, చిన్న బడిలో శాతం అనేది గాలిపటం లాంటిది. ఇరవై మంది రాసిన చోట ఒక్కడు తప్పితే అయిదు శాతం పోతుంది. రెండు వందలమంది రాసిన చోట ఒక్కడు తప్పితే అర శాతమే. ఒక పిల్లవాడికి పరీక్షనాడు జ్వరం వస్తే చిన్న బడి పేరు పోతుంది, పెద్ద బడికి తెలియనే తెలియదు.

మూడో సంగతి అన్నిటికంటె ముఖ్యం. దయచేసి తల్లులు కూడా శ్రద్ధగా వినాలి. రెండు బడులు ఉన్నాయనుకోండి. రెండిటిలోనూ ఆరో తరగతిలో నలభైమంది చొప్పున చేరారు. మొదటి బడిలో పదో తరగతి పరీక్ష దాకా వచ్చినవారు ఇరవై ఇద్దరు. ఇరవై ఇద్దరూ పాసయ్యారు. గేటు మీద నూటికి నూరు అని బోర్డు. రెండో బడిలో ముప్పై ఎనిమిదిమంది రాశారు, ముప్పై ముగ్గురు పాసయ్యారు. అంటే దాదాపు 87 శాతం. బోర్డు చూసిన తండ్రి కొడుకును మొదటి బడిలోనే వేస్తాడు. కాని చేరిన నలభైమందిలో పాసై బయటికి వచ్చినవారు మొదటి బడిలో నూటికి 55, రెండో బడిలో నూటికి 82 పైచిలుకు. మొదటి బడిలో మాయమైన ఆ పద్ధెనిమిదిమంది ఏమయ్యారు? ఆ లెక్క ఏ బోర్డు మీదా ఉండదు.

ఏమవుతారో నేను చూశాను. మునుపు నేను పనిచేసిన ఒక చోట తొమ్మిదో తరగతి చివర మెతకగా చదివే పిల్లల తండ్రులను ఒక్కొక్కరినే పిలిచేవారు. మీవాడు ఇక్కడ నెగ్గలేడు, టి.సి. తీసుకుపోండి, లేకపోతే ప్రైవేటుగా కట్టించండి అని మెత్తగా చెప్పేవారు. చదువురాని తండ్రి, ఆటో తోలుకునే మనిషి, అయ్యా సరే అని సంతకం పెట్టి పోయేవాడు. ఆ పిల్లవాడు మరో బడికి పోయేవాడు కాదు. మెకానిక్ షెడ్డుకు పోయేవాడు. ఆడపిల్లయితే ఇంట్లో కూర్చునేది, ఆ తర్వాత నిఖా మాట వచ్చేది. బడి ఫలితం మాత్రం ఏటా నూటికి నూరు. బహుమతి కూడా వచ్చేది.

మన బడిలో తప్పిన ముగ్గురినీ తొమ్మిదిలోనే పంపేయమని మాకు సలహా ఇచ్చినవారున్నారు. మేము కమిటీలో కూర్చుని మాట్లాడుకున్నాము. కొత్త కరస్పాండెంటుగారు, పెద్ద మేడమ్, నేను, ముగ్గురమూ ఒకే మాట మీద నిలబడ్డాము. చేర్చుకున్నాము గనుక పరీక్ష దాకా తీసుకుపోదాము, తప్పితే మళ్లీ రాయిద్దాము అని. మే నెలలో సప్లిమెంటరీ ఉంది. ఏప్రిల్‌లో ఫలితం వచ్చిన మరునాటినుంచి లెక్కల మాస్టారు సెలవులు మానుకుని ఆ ముగ్గురికీ ఉదయం పూట చెప్పారు. ఇద్దరు పాసై ఇప్పుడు ఒకరు ఇంటర్, ఒకరు ఐ.టి.ఐ. చదువుతున్నారు. మూడో బిడ్డ ఇంకా కష్టపడుతున్నది. వాళ్ల నాన్న ఆమెను చదువు మాన్పించకుండా సాయంత్రం పూట బడికి పంపుతున్నారు. ఆ తండ్రికి ఈ సభలో నా కృతజ్ఞతలు. బోర్డు పోయింది నిజమే. కాని ముగ్గురు పిల్లలు మన చేతిలోనుంచి జారిపోలేదు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై అయిదుమంది బడి ముఖం చూడనివారు గాని, మధ్యలో మానుకున్నవారు గాని అని చెప్పింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం ఉంటే మనవారిలో 59.1 శాతం ఉండింది. ఆనాటికీ ఈనాటికీ పరిస్థితి కొంత మెరుగుపడింది, సందేహం లేదు. అయినా మన జబ్బు పరీక్ష తప్పడం కంటె బడి మానడమే. కాబట్టి మానినవారిని లెక్కలోంచి తీసేసి మిగిలినవారితో గొప్ప చెప్పుకునే కొలత ఎవరికి పనికొచ్చినా మన సమాజానికి పనికిరాదు.

గ్రేడుల గురించి కూడా రెండు ముక్కలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో పదో తరగతికి మార్కుల స్థానంలో గ్రేడులు, పాయింట్లు వచ్చాయి. ర్యాంకుల పోటీ తగ్గాలన్నది ఉద్దేశం. జరిగిందేమిటి? పదికి పది అని ఫ్లెక్సీలు వెలిశాయి. 2022లో మన రాష్ట్రంలో ఫలితాలు మళ్లీ మార్కులతోనే వచ్చాయి. ఆ యేడే ర్యాంకుల ప్రకటనలు చేయరాదని ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. కొలత పేరు మారింది గాని దాన్ని అమ్ముకునే అలవాటు మారలేదు. ఇక న్యాక్ ఎ గ్రేడ్ అనేది కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు ఇచ్చేది, బడులకు కాదు. పి.జి.ఐ. అని పేపర్లో వచ్చేది రాష్ట్రాలకు, జిల్లాలకు సంబంధించిన లెక్క. దాన్నిబట్టి మన బడిని గాని పక్క బడిని గాని ఎంచడానికి వీలు లేదు.

మన సొసైటీ సభ్యుల పిల్లలు కొందరు ఇంగ్లండులో స్థిరపడ్డారు. అక్కడ ప్రభుత్వం బడిని తనిఖీ చేసి బోర్డు పెడుతుంది, మనకూ అట్లా ఉంటే బాగుండును అని ఒక పెద్దాయన నాతో అన్నారు. అక్కడ 1992లో ఏర్పడిన ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ తనిఖీ చేసి మొత్తం బడికి ఒకే మాటలో తీర్పు ఇచ్చేది: అత్యుత్తమం, మంచిది, మెరుగుపడాలి, చాలదు. 2023 జనవరిలో ఒక ప్రధానోపాధ్యాయురాలు తన బడి తనిఖీ అనంతరం ఆత్మహత్య చేసుకున్నారు. ఆ మరణానికి తనిఖీ కూడా కారణమైందని ఆ సంవత్సరం డిసెంబరులో విచారణాధికారి తేల్చారు. దేశమంతా కలత చెందింది. 2024 సెప్టెంబరునుంచి ప్రభుత్వ బడులకు ఆ ఒక్క మాట తీర్పు తీసివేశారు. 2025 నవంబరునుంచి ఒక్కొక్క అంశానికి వేరు వేరుగా అయిదు మెట్ల కొలతతో రిపోర్టు కార్డు ఇస్తున్నారు. హాజరు ఎట్లా ఉంది, బోధన ఎట్లా ఉంది, నడిపించేవారు ఎట్లా ఉన్నారు అని విడివిడిగా. తనిఖీ వద్దని వాళ్లు అనలేదు. ఒక్క మాటలో బడి ఇమడదని తెలుసుకున్నారు. మనకూ అంతే. లెక్క చెప్పవలసిందే, కాని విడివిడిగా చెప్పాలి.

అందుకని మన నోటీసు బోర్డు మీద ఇకనుంచి నాలుగు అంకెలు ప్రతి తరగతికీ రాసి పెడుతున్నాము. జూన్‌లో ఎంతమంది ఉన్నారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, నెలసరి హాజరు ఎంత, పరీక్షలో ఎంతమంది గట్టెక్కారు. పదో తరగతికి అయితే ఆరులో చేరినవారి సంఖ్య కూడా పక్కనే ఉంటుంది. ఎవరైనా మానుకుంటే ఎందుకు మానుకున్నారో కమిటీకి నేను జవాబు చెప్పుకోవాలి. ఇది నేను అడిగి పెట్టించుకున్న షరతు. ప్రతి బడికీ పదకొండు అంకెల యుడైస్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ కొట్టి టీచర్లు ఎందరు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అని ఎవరైనా చూసుకోవచ్చు. మన కోడ్ గేటు దగ్గర రాయించాము. మేము చెప్పేది, అక్కడ ఉన్నది ఒక్కటేనో కాదో మీ ఇంట్లో ఫోను ఉన్న పిల్లలచేత చూపించుకోండి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. 2005నుంచి దేశంలో పల్లెపల్లెకూ తిరిగి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లలచేత అక్షరాలు, మాటలు, ఒక చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. లెక్కల్లో రెండంకెల తీసివేత, మూడంకెలను ఒక అంకెతో భాగహారం చేయిస్తారు. మీ బిడ్డ ఐదో తరగతిలో ఉంటే రెండో తరగతి తెలుగు వాచకం చేతికిచ్చి చదవమనండి. చదివిందేమిటో తన మాటల్లో చెప్పమనండి. ఉర్దూ కూడా అట్లాగే. తల్లికి చదువు రాకపోయినా బిడ్డ గడగడా చదువుతున్నదా, కూడబలుక్కుంటున్నదా అన్నది చెవికి తెలిసిపోతుంది. తడబడితే ప్రోగ్రెస్ కార్డులో ఎన్ని మార్కులున్నా నమ్మకండి. నేరుగా క్లాసు టీచరు దగ్గరికి రండి. ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టి, ఏ భాషలోనూ ఒక పేజీ చదవలేని పిల్లవాణ్ణి తయారుచేసుకోవడం మనకు తగదు.

మా వైపు మాటలు చెప్పాను. మీ వైపు కూడా మూడు కోరికలు ఉన్నాయి. ఒకటి, హాజరు. తల్లికి వందనం పథకానికి డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలని అందరికీ తెలుసు. డబ్బు కోసం డెబ్బై అయిదు లెక్కపెట్టుకుంటే చదువుకు చాలదు. పెండ్లిండ్ల కాలంలో వారం వారం పిల్లలను ఊళ్లు తిప్పితే మా లెక్కల మాస్టారు ఏం చేయగలరు? రెండు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఆడపిల్లలను మాన్పించకండి. దూరమంటే చెప్పండి, తోడు లేదంటే చెప్పండి, ఒక వీధి పిల్లలంతా కలిసి వచ్చే ఏర్పాటు వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ చేస్తున్నారు. పద్ధెనిమిదేళ్లు నిండకుండా పెండ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి ఉంచండి, పదో తరగతి మెమో చేతిలో లేని బిడ్డకు రేపు కష్టం వస్తే నిలబడే ఆధారం ఏది? ఇప్పటికే మానుకున్నవారుంటే ఓపెన్ స్కూలు ద్వారా పది రాయవచ్చు. ఫారాలు ఆఫీసులో ఉన్నాయి. మూడు, పాలకవర్గం మారినప్పుడల్లా బడి మార్చకండి. మనుషులు వస్తారు, పోతారు. నేనూ ఒకనాడు పోతాను. పిల్లవాడు రెండేళ్లకో బడి మారితే వాడికి ఏ బడీ దక్కదు.

స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినం నవంబరు 11ను 2008నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజు మన బడిలో ఉపన్యాసాలు, మిఠాయిలు ఉంటాయి. వచ్చే సంవత్సరంనుంచి ఆ రోజే ఆరో తరగతిలో చేరినవారి పేర్ల పట్టిక తీసి, అందులో ఇప్పుడు బడిలో లేనివారి ఇండ్లకు మేము, కమిటీ సభ్యులు కలిసి వెళ్లాలని నిర్ణయించుకున్నాము. మీలో ఎవరైనా మాతో కూడా రావాలనుకుంటే ఆఫీసులో పేరు ఇవ్వండి.

నూటికి నూరు బోర్డు మళ్లీ ఎప్పుడు పెడతారు అని అడిగితే నా జవాబు ఇదీ: చేరినవారందరూ రాసి, రాసినవారందరూ పాసైన నాడు పెడదాము. అంతవరకు ఆ మేకు ఖాళీగానే ఉండనివ్వండి.